అద్దం మీద ఊపిరి

కబుర్ల డ్రైవరు కారెక్కితే ఎంత దూరమైనా ఇట్టే అయిపోతుందని అందరూ అనేవారు. అతని నోటికి విశ్రాంతంటూ ఉండదు మరి. ఆ చలికాలపు ఉదయం మాత్రం అతనికి నోట మాట రాలేదు. వెనక సీట్లో నిన్న పుట్టిన పసిగుడ్డు. నెలలు నిండకుండానే వచ్చినవాడు, ఊపిరందక పెదాలు నల్లబడుతున్నాయి. "పెద్దాసుపత్రిలో మిషనుంది, అంబులెన్సు కోసం చూడొద్దు, వెంటనే బయల్దేరండి. బిడ్డకి చలి మాత్రం తగలనివ్వకండి" అని డాక్టరమ్మ ఈ కారెక్కించింది.

పక్క సీట్లో బిడ్డ తండ్రి. వెనక బిడ్డను గుండెకు హత్తుకున్న బాలింత, ఆమె పక్కన వాళ్లమ్మ. అందరూ ముసురులో తడిసి ఎక్కారు. ఊరు దాటేసరికి ముందు అద్దం తెల్లబడిపోయింది.

డోరు రబ్బరు చిరిగి నీళ్లు లోపలికి దిగుతున్నాయని డ్రైవరుకు ఎప్పట్నుంచో తెలుసు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ కాలం గడిపేశాడు. కాళ్ల కింద మ్యాట్లు పిండితే కారేలా ఉన్నాయి. తడి పీల్చుకుంటుందని పాత సాక్సులో ఉప్పు పోసి అద్దం దగ్గర పెట్టి, అదేదో ఘనకార్యమైనట్టు కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ ఉప్పు మూటకే చెమటలు పడుతున్నాయి. హీటరు ఏనాడో చచ్చింది. వైపర్లు బయట తెగ ఊగుతున్నాయి గానీ, లోపలి ఆవిరిని అవేం చేస్తాయి?

"నేను తుడుస్తాను, మీరు పోనివ్వండి" అని తండ్రి జేబురుమాలు తీశాడు. అరచేయంత మేర తుడిస్తే, చెయ్యి తీసేలోపే మళ్లీ కమ్ముకుంది.

డ్రైవరు ఏసీ వేశాడు. అద్దం కింది అంచు కాస్త తేటపడుతోంది. అంతలో వెనక నుంచి ఓ చెయ్యొచ్చి స్విచ్చి కట్టేసింది.

"మతుండే చేస్తున్నావా నాయనా? ఈ చలిలో ఏసీయా? పిల్లాడు గడ్డకట్టిపోతాడు!" అంది పెద్దావిడ.

"ఆ గాలికే అద్దం ఆరుతుంది పెద్దమ్మా. రోడ్డు కనపడాలి కదా!"

పోనీ అని కిటికీ కొంచెం దించాడు. చలిగాలి రివ్వున కొట్టింది. "చల్లబడిపోతున్నాడమ్మా!" అని బాలింత గొల్లుమంది. అతను గబగబా కిటికీ ఎత్తేశాడు. గాలి తగిలితే బిడ్డ దక్కడు, తగలకపోతే దారి కనపడదు.

ఉన్నట్టుండి చెవులు చిల్లులుపడేలా హారను. తెల్లటి అద్దం నిండా లారీ దీపాలు. స్టీరింగు పక్కకు కొట్టి, ఖాళీగా ఉన్న బస్సు షెల్టరు దగ్గర కారు ఆపాడు.

"ఇంతమంది ఊపిరి, ఈ తడి బట్టలు... అద్దం మీద ఆవిరి ఆగదు. కళ్లకు గంతలు కట్టుకుని నడిపినట్టుంది. నా వల్ల కాదు" అని స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు.

దారి పొడుగునా పైకే దేవుణ్ణి వేడుకుంటున్న పెద్దావిడ ఠక్కున ఆపేసింది.

"నా ఊపిరి కూడా ఆ అద్దం మీదకే పోతోందా?"

"అందరిదీ పోతుంది పెద్దమ్మా."

ఆవిడ తలుపు తీసింది.

"అత్తయ్యా, మీరుండండి, నేను దిగుతా" అన్నాడు అల్లుడు.

"అక్కడ దిగాక అమ్మాయినెవరు ఎత్తుకెళ్తారు, నేనా? కుట్లతో అది రెండడుగులు వెయ్యలేదు. మీరుండాలి బాబూ."

శాలువా కింద పొడిగా ఉన్న తన స్వెట్టరు విప్పి బిడ్డ మీద కప్పింది. తడి శాలువానే మళ్లీ చుట్టుకుంది. వంగి కాళ్ల కింది మ్యాట్లన్నీ బయటికి లాగింది. "ఈ దరిద్రం కూడా నాతోనే పోనీ" అంది. "అమ్మా!" అని కూతురు పిలిచినా తల తిప్పలేదు. బిడ్డను చూస్తే దిగలేనని భయం. తలుపు వేసేసింది.

డ్రైవరు చొక్కా కాలరులో ముక్కూ నోరూ దాచుకుని నడిపాడు. తండ్రి తుడుస్తూనే ఉన్నాడు. అద్దం పూర్తిగా తేటపడలేదు గానీ, తుడిచినచోట ఈసారి కాసేపు నిలిచింది. ఆ కాస్త సందులోంచి రోడ్డు చూసుకుంటూ ఆసుపత్రి చేర్చాడు. నర్సు బిడ్డను అందుకుని పరుగెత్తింది.

లోపల్నుంచి కబురు వచ్చేదాకా అక్కడే నిలబడి, కారు వెనక్కి తిప్పాడు.

పెద్దావిడ బెంచీ అంచున ముడుచుకుని వణుకుతోంది. అతను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. వినే ధైర్యం లేదావిడకు. వచ్చి ముందు సీట్లో కూర్చుని, శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. కారు కదిలింది. అద్దం తేటగా ఉంది. ఆవిడ మాత్రం ఊపిరి బిగబట్టి, దొంగతనంగా కొంచెం కొంచెం పీలుస్తోంది.

చాలా దూరం పోయాక శాలువాలోంచే అడిగింది.

"ఊపిరి తీసుకుంటున్నాడా?"

"మిషను మీద పెట్టారు. తీసుకుంటున్నాడు పెద్దమ్మా. సమయానికి తెచ్చారన్నారు. ఇక నువ్వూ తీసుకో."

ఆవిడ శాలువా దించింది. అంతసేపూ దాచుకున్న ఊపిరంతా ఒక్కసారిగా వదిలి భోరుమంది. ముందు అద్దం మొత్తం తెల్లబడిపోయింది.

డ్రైవరు కారు పక్కకు తీసి ఆపాడు. తుడిచే గుడ్డ ముట్టుకోలేదు.