అప్పగింతల బాణీ

నేను ఒక సన్నాయిని. కోపంగా ఉన్న సన్నాయినని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనుకోవద్దు. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో మంగళం పలికిన నోరు నాది. ఇవాళ అదే నోటితో నాలుగు మాటలు అనాలని ఉంది.

నేను పుట్టింది కావేరి ఒడ్డున ఒక వడ్రంగి కొట్టంలో. అంతకుముందు ఒక పాత ఇంట్లో దూలాన్ని. పచ్చి కర్రలో శ్రుతి నిలవదని, నూరేళ్లు కప్పు మోసి ఎండిన దూలాలనే మా కోసం వెతికి తెస్తారు. బరువు మోయడం అయిపోయిందని సంబరపడ్డాను. మనుషుల పెళ్లిళ్లు మోయాల్సి ఉందని అప్పటికి తెలియదు.

రేపల్లె నుంచి వచ్చిన సోమలింగం గారు నన్ను కొనుక్కున్నారు. పదకొండేళ్లు వాయించారు. ఊపిరి చాలని రోజు వచ్చినప్పుడు శిష్యుడు ఆదిశేషయ్యను పిలిచి, నన్ను అతని చేతుల్లో పెట్టి ఒకటే మాట అన్నారు. “వాయించరా. నేను వాయించానని మాత్రం అనకు.” ఆ మాట ఆదిశేషయ్య ఎముకల్లోకి ఇంకిపోయింది. ఎవరు మెచ్చుకున్నా రెండు చెవులూ ముట్టుకుని “నాదేముందండీ, గురువుగారి ప్రసాదం” అనేవాడు. వినడానికి బాగానే ఉండేది. ఆ వినయం ఒకనాడు మా మెడకు చుట్టుకుంటుందని నాకూ తట్టలేదు.

ఆదిశేషయ్య పెద్దకూతురు వకుళ పెళ్లి. ఇంటి పెళ్లికి వేరే మేళాన్ని పిలవమని అందరూ చెప్పారు, అతను వింటేనా! అప్పగింతల వేళ వచ్చింది. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టే పని ఆదిశేషయ్య తమ్ముడు చేశాడు, ఎందుకంటే తండ్రి చేతుల్లో నేనున్నాను. వకుళ ఏడుస్తోంది, తల్లి ఏడుస్తోంది, మగపెళ్లివారి ముసలమ్మ కూడా ఏడుస్తోంది. ఆదిశేషయ్యకు ఏడవడానికి నోరు ఖాళీ లేదు. నోట్లో నేనున్నాను. ఆ ఏడుపంతా నాలోకే వచ్చింది. అతనెప్పుడూ నేర్చుకోని, గురువు ఎన్నడూ చెప్పని బాణీ ఒకటి నా ఏడు రంధ్రాల్లోంచి బయటికి వచ్చింది. డోలు కొట్టే వీరాస్వామి చేతులు ఆపేసి వింటూ నిలబడ్డాడు. ఆ బాణీ పుట్టుక నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నేను దాని మంత్రసానిని.

ఆ తర్వాత కృష్ణ కాలవ పొడుగునా ఏ పెళ్లి జరిగినా ఆడపిల్ల తల్లులు వచ్చి అడిగేవారు, “ఆ అప్పగింతల బాణీ వాయించండి ఆదిశేషయ్య గారూ” అని. గుంటూరులో రికార్డింగు స్టూడియో నడిపే జోగారావు చెవిన కూడా పడింది. తాంబూలం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా వాళ్లకు తాంబూలం అందుకుంటే ఒప్పందం అయిపోయినట్టే, కాగితాలు ఉండవు. మమ్మల్ని చల్లటి గదిలో కూర్చోబెట్టి రికార్డు చేశాడు. మంచివాడే, ఆదిశేషయ్య పేరు వేసి నెట్టులో పెట్టాడు. కాకపోతే మొదలుపెట్టే ముందు మైకు దగ్గరికి జరిపి, “బాణీ ఎవరిదో ఒక ముక్క చెప్పండి” అన్నాడు. ఇంకేముంది, మావాడు చెవులు ముట్టుకున్నాడు. “నాదేముందండీ. గురువుగారి ప్రసాదం, అమ్మవారి దయ. ఇది అందరిదీ.” అదీ రికార్డయింది.

రెండేళ్లు గడిచాయి. బాపట్లలో ఒక పెళ్లి. అప్పగింతలు మొదలై, ఆదిశేషయ్య నన్ను నోట పెట్టుకుని ఆ బాణీ ఎత్తుకోగానే పెళ్లికొడుకు స్నేహితుల గుంపులో నవ్వు పుట్టింది. ఒకడు ఇంకొకడి వీపు మీద చరిచాడు. మూడోవాడు ఈల వేశాడు. పెళ్లికూతురు ఏడుపు ఆపి బిత్తరపోయి చూసింది. ఆ తర్వాత పొన్నూరులోనూ అదే నవ్వు. మూడో పెళ్లికి పిల్ల తండ్రి ముందే వచ్చి, “అన్నీ వాయించండి, ఆ ఒక్కటీ వద్దు” అని మొహం తిప్పుకున్నాడు.

వీరాస్వామి ఎక్కడో వాకబు చేసి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు డోలు తాళ్లు బిగించాడు, బిగించాల్సిన పని లేకపోయినా.

“ఏందిరా, చెప్పు” అన్నాడు ఆదిశేషయ్య.

“నోటితో చెప్పేది కాదు మావా. ఫోన్లలో బూతు వీడియోలు అమ్మే కంపెనీ ఒకటుందంట. అందులో శోభనం గది సీనుకి మన అప్పగింతల బాణీ ఏశారు. మొదట్నుంచి చివరిదాకా నీ ఊపిరే మావా.”

ఆదిశేషయ్య నన్ను గుడ్డలో చుట్టి లోపల పెట్టాడు. మూడు రోజులు ముట్టుకోలేదు.

నా కోపం సరిగ్గా అర్థం చేసుకోండి. శోభనం అంటే మొహం చిట్లించేదాన్ని కాదు నేను. ఎన్ని శోభనం గదుల ముందు మోగానో లెక్క లేదు. పెద్దవాళ్లు పెద్దవాళ్ల కోసం ఏం తీసుకుంటారో వాళ్ల ఇష్టం, వాళ్ల ఖర్మ. కానీ కూతుర్ని సాగనంపే తండ్రి ఏడుపును ఎత్తుకుపోయి, ఒక్క మాటైనా అడగకుండా మంచం కింద పరుస్తారా? లక్ష పాటలున్న లోకంలో మీకు ఇదే దొరికిందా? అడిగి ఉంటే వద్దనేవాడు. అది తెలుసు కాబట్టే అడగలేదు. దొంగతనానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఆదిశేషయ్య చిన్నకూతురు సువర్చల అర్జీలు టైపు చేసే కొట్టు నడుపుతుంది. ఊరందరి గొడవలూ కాగితం మీద పెట్టిన పిల్ల. తండ్రిని అడక్కుండానే కంపెనీకి నోటీసు పంపింది: ఈ బాణీ మా నాన్నది, అనుమతి లేకుండా వాడారు, తీసెయ్యండి అని. సాక్ష్యం కోసం జోగారావుకు ఫోన్ చేస్తే అతను గొంతు తగ్గించి, “అమ్మా, ఆ వీడియో పేరుతో పాటు మా స్టూడియో పేరు పేపర్లో పడితే నాకు పెళ్లిళ్ల వాళ్లు ఎవరొస్తారు?” అన్నాడు. దొంగిలించినవాడు దర్జాగా ఉన్నాడు, పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుతో చస్తున్నారు. మనుషుల లెక్కలు నాకు ఎప్పటికీ అర్థం కావు.

కంపెనీ తరఫున విజయవాడలో ఒక లాయరు మాట్లాడదాం రమ్మన్నాడు. వాయిద్యం కూడా తెమ్మన్నాడు, అందుకే నేనూ వెళ్లాను. బల్లకు ఇటువైపు తండ్రీకూతుళ్లు. అటువైపు తెల్లగా, మర్యాదగా ఉన్న మనిషి. మంచినీళ్లు ఇప్పించాడు. ఫోన్ తీసి బల్ల మీద పెట్టి నొక్కాడు. అందులోంచి ఆదిశేషయ్య గొంతు వినిపించింది. “నాదేముందండీ. గురువుగారి ప్రసాదం, అమ్మవారి దయ. ఇది అందరిదీ.”

“అందరిదీ అని మీరే అన్నారు కదండీ. ఆ అందరిలో మా వాళ్లు లేరా?” అని లాయరు నవ్వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మొక్కుతూ అన్న మాటను పట్టుకుని ఆస్తి వదులుకున్న పత్రంలా చదువుతాడా! భోజనానికి పిలిచి “ఇది మీ ఇల్లే అనుకోండి” అంటే వెళ్లేటప్పుడు తలుపులు ఊడదీసుకుని పోతారా?

“ఒకటే ప్రశ్న” అన్నాడు లాయరు. “ఈ బాణీ మీదా, మీ గురువుగారిదా? గురువుగారిదైతే వారి వారసులు మాట్లాడతారు. మీదైతే మీదని చెప్పండి.”

“నాన్నా, చెప్పు” అంది సువర్చల. ఆదిశేషయ్య చేతులు చెవుల వైపు లేవబోయాయి. గురువుకిచ్చిన మాట ఒక పక్క. పెద్దకూతురి కన్నీళ్లు ఇంకో పక్క. నాదంటే గురుద్రోహం, కాదంటే ఆ పాట శాశ్వతంగా ఆ మంచం కిందే. నా జన్మలో మొదటిసారి మనిషి నోరు కావాలనిపించింది. ఇంత మోత మోగిన నేను ఆ ఒక్క మాట అనలేకపోయాను.

“నాన్నా, నువ్వు చెప్పకపోతే అక్క పెళ్లి వాళ్లదయిపోద్ది” అంది సువర్చల.

అతని చేతులు దిగాయి. బల్ల మీద ఆనాయి.

“నాది” అన్నాడు. తర్వాత గట్టిగా, నా మీదైనా ఎప్పుడూ పెట్టనంత ఊపిరి పెట్టి అన్నాడు. “నాదయ్యా! మా వకుళను పంపేటప్పుడు ఏడవలేక వాయించా. మా గురువుగారికి ఆడపిల్లలే లేరు, ఆయనకెట్టా వచ్చుద్ది ఈ బాణీ? మూడొందల మంది చూశారు. తీసుకురమ్మంటావా అందర్నీ?”

లాయరు నవ్వు ఆపి తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. మూడొందల మంది పెళ్లివారు కోర్టుకెక్కితే ఎవరికి నష్టమో అతనికి తెలుసు. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. బాణీ తీసేశారు. క్షమాపణ అనే మాట ఎక్కడా లేదు, “పొరపాటు సరిచేయబడింది” అని ఉంది. అయినా ఆ రోజు ఆదిశేషయ్య నన్ను నూనెతో తుడిచి, పెరట్లో కూర్చుని, ఆ బాణీని మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. నేను సంతోషించాను. నా తెలివితక్కువతనం.

వారం తర్వాత వీరాస్వామి మళ్లీ వచ్చాడు. తీసేసిన చోట ఇంకో సన్నాయి పెట్టారన్నాడు. వద్దు వద్దంటున్నా ఆదిశేషయ్య బొమ్మ కనపడకుండా ఫోన్ బోర్లించి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అది హారతి పాట. నాలుగు క్షణాల్లో పోల్చుకున్నాడు. “ఈ ఊపిరి గణపవరం వీరభద్రుడిది” అన్నాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి, మొన్ననే చూపు తగ్గి వాయించడం మానేశాడు.

వెంటనే కండువా వేసుకుని, నన్ను సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. ఒక సన్నాయిగాడు ఇంకొకడి ఇంటికి వాయిద్యం లేకుండా వెళ్లడు. దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆ ముసలాయనతో ఏమనాలో, ఎవరి మీద ఎలా కేసు వెయ్యాలో అన్నీ కూడబలుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

వీరభద్రుడు గుమ్మంలో గొంతు గుర్తుపట్టి రెండు చేతులూ చాచాడు. ఆదిశేషయ్య కూర్చోకుండానే మొదలుపెట్టాడు. “పెద్దాయనా, ఒక మాట చెప్పాల. నీ హారతి పాటను అడక్కుండా తీసుకుపోయి ఫోన్లలో వచ్చే బొమ్మలో ఏసుకున్నారు.”

“బొమ్మలోనా!” ముసలాయన మొహం ఒక్కసారి వెలిగిపోయింది. “నా పాట సినిమాలో ఏశారా? ఏ సినిమా అబ్బాయ్? హీరో ఎవరు? నా పేరు కూడా పడిందా?”

లాయరు ముందు బల్ల అదిరేలా మాట్లాడిన మనిషి, కూడబలుక్కున్నదంతా మింగేసి ముసలాయన చేతులు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

“పడకపోతే పోనీలే. డెబ్బై అయిదేళ్లకైనా ఎవరో ఒకరు విన్నారు” అని వీరభద్రుడు కళ్లు తుడుచుకున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, విన్నది చాలన్నట్టు చెప్పులు కూడా వేసుకోకుండా, పక్కింటి వాళ్లను పిలుచుకురావడానికి వీధిలోకి వెళ్లిపోయింది.