పెన్సిల్‌తో రాసిన చూద్దాం

మా మున్సిపల్ ఆఫీసులో అద్దెకిచ్చే గదులు ఆరు. పెద్ద హాలు, చిన్న హాలు, మేడ మీద మూడు మీటింగు గదులు, కింద మెట్ల పక్కన ఒక చిన్న గది. ఇరవై రెండేళ్ళుగా వాటి మంచిచెడ్డలన్నీ నావే. ఎవరికి ఏ గది, ఏ రోజు, ఎన్ని గంటలు అన్నది నా రిజిస్టరులో ఉంటేనే ఉన్నట్టు. అందుకే ఊళ్ళో సగంమందికి నా అసలు పేరు తెలియదు. రిజిస్టరమ్మ అని అడిగితే మాత్రం నా బల్ల దాకా తీసుకొచ్చి దిగబెడతారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే జరిగిందంతా దానివల్లే జరిగింది.

గది ఇచ్చేస్తే పెన్నుతో ‘ఖాయం’ అని రాస్తాను. ఇంకా తేలకపోతే పెన్సిల్‌తో ‘చూద్దాం’ అని రాస్తాను. ఏమీ రాయని గడి ఖాళీ. అయితే చూద్దాంలన్నీ ఒక్కటి కావు. కొన్నింటికి అర్థం, అడిగినవాళ్ళు మళ్ళీ వచ్చి చెబుతామన్నారని. కొన్నింటికి అర్థం, మీకివ్వడం నాకిష్టం లేదు, మొహం మీద ఎలా చెప్పను అని. ఒక్కదానికి మాత్రం అర్థం, ఎవరేమన్నా ఇది మీదే అని. ఏది ఏ రకమో రిజిస్టరు చూస్తే తెలియదు. నన్ను అడగాలి.

ఆ మూడో రకం చూద్దాం లిఫ్టాయనది. లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఆయనా భార్యా విడిపోయి మూడేళ్ళయింది. తొమ్మిదేళ్ళ కూతురు తల్లి దగ్గర ఉంటుంది. వారానికి రెండు గంటలు తండ్రి చూడొచ్చు, కానీ ఇద్దరిళ్ళలోనూ కాదు, నలుగురూ తిరిగే చోట, ఒక గదిలో అని కోర్టు చెప్పింది. అందుకని శనివారం నాలుగు నుంచి ఆరు దాకా మెట్ల పక్క గది. తల్లి నర్సు. తన డ్యూటీ ఏ షిఫ్టో ఆవిడకి శుక్రవారం సాయంత్రం గానీ తెలియదు. తెలిశాక ఆయన నాకు ఫోన్ చేస్తాడు. “రేపు వస్తోందమ్మా” అనో, “ఈ వారం లేదమ్మా” అనో. నెలలో రెండు వారాలు వస్తుంది, రెండు వారాలు రాదు. వచ్చినా రాకపోయినా ఆ గడిలో నా పెన్సిల్ రాత చెరగదు.

వచ్చిన రోజున ఆయన ఒక రేకు డబ్బా తెస్తాడు. అందులో ఒక పాత కాలింగ్ బెల్, విప్పిన ముక్కలుగా. ఇద్దరూ బల్ల మీద పాత పేపరు పరుచుకుని దాన్ని బిగిస్తూ ఉంటారు. ఆర్నెల్లుగా అదే బెల్లు. పదంతస్తుల లిఫ్టుని పూటలో లేపే మనిషికి ఇంత చిన్న బెల్లు ఎందుకు లొంగడం లేదని ఒకసారి అడగబోయి నాలిక కరుచుకున్నాను.

సరే, సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇకమీదట ఎవరైనా ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే గది బుక్ చేసుకోవచ్చట. దాన్ని పెట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి నా పక్కన కుర్చీ వేసుకుని, నాలుగు రోజులపాటు నా రిజిస్టరులో ఒక్కో పేజీ కంప్యూటరులోకి ఎక్కించింది. ఓపిక గల పిల్ల. ఇన్నేళ్ళలో నా రాత నన్ను అడక్కుండా చదివినది ఆ అమ్మాయి ఒక్కతే.

నాలుగోరోజు శుక్రవారం. పెద్దసారు గదిలో మీటింగు. పదిమంది ముందు ఆ అమ్మాయి అడిగింది. “మేడం, సిస్టంలో ఖాళీ, ఖాయం అని రెండే ఉన్నాయి. మూడోది మరమ్మతు, అది గది పాడైనప్పుడు పెట్టేది. మీ రిజిస్టరులో చూద్దాం అని నలభై ఏడు చోట్ల ఉంది. వాటిని ఎందులో వేయమంటారు?”

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. “నలభై ఏడా! అంతేలెండి. మన రిజిస్టరమ్మ చూపు ఎవరి మీద పడితే వాళ్ళదేగా గది.”

అందరూ నవ్వారు. ఆయన సరదాకే అన్నారేమో. ఆ నవ్వులో నాకు మాత్రం చెయ్యి తడిపినవాళ్ళకే గది అన్న మాట వినిపించింది, ఒళ్ళు మండిపోయింది.

“అన్నీ ఖాళీయే. ఖాళీ అని కొట్టిపారెయ్యమ్మా,” అన్నాను.

“అన్నీనా మేడం? ఒక్కసారి వరసగా చూద్దామా?”

“ఇంకా చూసేదేముంది? ఆ మాటే పనికిరాదంటున్నారుగా!”

మళ్ళీ నవ్వారు, ఈసారి నా పక్షాన. నెగ్గాననుకున్నాను. లిఫ్టాయన అప్పుడు గుర్తురాలేదని చెబితే అబద్ధం. తలుపు దాటకముందే గుర్తొచ్చాడు. వెనక్కి వెళ్ళి, అన్నీ కాదు, ఒకటి తప్ప అని చెప్పడానికి మనసొప్పలేదు. పాపకి జ్వరం, ఈ వారం రాదని ఆయన పొద్దున్నే ఫోన్ చేసి ఉన్నాడు. సోమవారం చెప్పొచ్చులే అనుకున్నాను.

సోమవారం తొమ్మిదింటికి సిస్టం తెరిచారు. పదింటికి నేను నా సీట్లో కూర్చునేసరికి మెట్ల పక్క గది శనివారాలు ఇరవై ఆరు వరసగా ఎర్రబడి ఉన్నాయి. ఖాయం. డాన్సు మాస్టారట, సాయంత్రం క్లాసులకట. రద్దు చేయమని ఇంజనీరమ్మాయిని అడిగాను.

“బుక్ చేసుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ రద్దు చేయలేరు మేడం. అలాగే కావాలని మీ ఆఫీసే రాసిచ్చింది.”

మిగతా గదులు శనివారం ఎప్పటినుంచో నిండే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే కుట్టుపని నేర్పే ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది. రెండేళ్ళుగా మేడ మీద గది అడుగుతోంది. ఆవిడ మిషన్ల చప్పుడు నాకు పడదు. అందుకని ఏడుసార్లు చూద్దామన్నాను. ఇప్పుడు ఫోన్ తీసి చూపించింది. బుధవారాలు, ఖాయం. “ఎవర్నీ అడక్కుండానే వచ్చేసిందండీ!” అంది. దెప్పడానికి అన్న మాట కాదు, సంతోషంతో అన్నది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఒక పెన్సిల్ ముక్క చేతిలో ఉందని ఎంతమందిని నా బల్ల చుట్టూ తిప్పుకున్నానో ఆ పూటే లెక్కకొచ్చింది. సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

మర్నాడు డాన్సు మాస్టారు ఇంటికి వెళ్ళాను. మంచివాడే. కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. ఒక తండ్రీ కూతురూ సంగతి అని చెప్పి, శనివారం కాకుండా ఇంకో రోజుకి మారతారా అని అడిగాను. ఆయన గోడ మీద క్యాలెండరు వైపు తిరిగి, “చూ...ద్దామండీ” అన్నాడు. సాగదీసి, నా మొహం చూడకుండా. ఆ చూద్దాం నాకు తెలియనిదా! ఏడుసార్లు నేను అన్నదే. గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

శుక్రవారం సాయంత్రం ఫోన్ మోగింది. “రేపు వస్తోందమ్మా! మూడు వారాలైంది చూసి,” అన్నాడు లిఫ్టాయన. గది లేకపోతే తల్లి పాపని వెనక్కి తీసుకుపోతుంది. కోర్టు మాట అది, ఆవిడ తప్పు కాదు. నీళ్ళు నమిలి, నమిలి, చివరికి “రండి” అన్నాను. ఏ మొహం పెట్టుకుని అన్నానో నాకే తెలియదు.

ఇంజనీరమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది. ఆ రోజుతో ఆమె పని అయిపోయింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మీటింగులో నా కోపం సంగతితో సహా. ఆమె బ్యాగు పక్కన పెట్టి కంప్యూటరు మళ్ళీ తెరిచింది. నన్ను ఒక మాట అని ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

“రిజిస్టర్లన్నీ గోడౌనుకి పంపేశారు కదా. నా బల్లకి ఎదురుగా ఇన్నాళ్ళూ అవి పెట్టిన గది ఇప్పుడు ఉత్తదేగా,” అన్నాను. “దాన్ని ఏడో గదిగా ఎక్కించు. సిస్టం చీటీ లేకపోతే వాచ్‌మన్ ఏ గది తాళమూ ఇవ్వడం లేదు.”

“ఎక్కించగానే ఖాళీ అని చూపిస్తుంది మేడం. నిమిషంలో ఎవరో ఒకరు బుక్ చేస్తారు.”

“ఆయన పేరు మీద ఖాయం అని పెట్టు.”

“రెండుసార్లు బుక్ చేసి రాకపోతే ఆర్నెల్లు ఆ పేరు మీద ఏ గదీ ఇవ్వదు. పాప రాని వారాలుంటాయి అంటున్నారుగా.”

ఇద్దరం స్క్రీను వైపు చూస్తూ కూర్చున్నాం. ఖాళీ కుదరదు, ఖాయం కుదరదు. మిగిలింది ఒక్కటే. అది మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

“శనివారాలు నాలుగు నుంచి ఆరు దాకా, మరమ్మతు,” అంటూ ఆమె కొట్టడం మొదలుపెట్టి ఆగింది. “దేనికి మరమ్మతు అని అడుగుతోంది మేడం. గడి వదిలేస్తే ఒప్పుకోదు.”

“కాలింగ్ బెల్ అని రాయి.”

“ఆ గదికి బెల్లే లేదుగా?”

“రేపు వస్తుంది.”

పెద్దసారు ఒప్పుకుంటే గానీ అది నిలబడదు. ఆయన గది తలుపు ముందు రెండు నిమిషాలు నిలబడి లోపలికి వెళ్ళాను. మీరు నవ్వారని కోపమొచ్చి ఒకాయన గది పోగొట్టాను సార్ అని చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. “ఆ రోజు నేనూ అలా అని ఉండాల్సింది కాదు,” అని స్క్రీను మీద ఒప్పుకున్నట్టు నొక్కారు. ఎన్నాళ్ళు అని అడగలేదు.

మర్నాడు నాలుగింటికి వచ్చారు. మెట్ల పక్క గదిలోంచి పాట, పిల్లల గెంతులు. తల్లి డ్యూటీ బట్టల్లోనే ఉంది, పాప చెయ్యి పట్టుకుని అక్కడే ఆగిపోయింది. “గది ఎవరికో ఇచ్చేశారా? అయితే నేను తీసుకెళ్ళిపోతాను,” అంది. లిఫ్టాయన రేకు డబ్బా రెండు చేతులతో పట్టుకుని నా వైపు చూశాడు.

“ఆ గది నేనే పోగొట్టానయ్యా,” అన్నాను. “కోపంలో ఖాళీ అనేశాను. తప్పు కంప్యూటరుది కాదు, నాదే. ఇలా రండి, ఇంకో గది ఉంది.”

తల్లి లోపలికి వచ్చి గది నాలుగు మూలలూ చూసింది. కిటికీ ఉంది, తలుపు వరండాలోకి ఉంది, ఎదురుగా నా బల్ల. “ఆరింటికి వస్తాను,” అని పాప తల నిమిరి వెళ్ళింది. లిఫ్టాయన డబ్బా బల్ల మీద పెట్టి, “పేపరుందామ్మా, పరుచుకోడానికి?” అని అడిగాడు. నా కళ్ళు చెమర్చాయి. పేపరు వెతికే వంకతో అటు తిరిగాను.

నేను తిరిగొచ్చేసరికి పాప గుమ్మంలో నిలబడి వాచ్‌మన్ తలుపుకి అంటించిన చీటీ చదువుతోంది. ‘మరమ్మతు జరుగుతోంది.’

“ఇక్కడ ఏం పాడైంది ఆంటీ?”

“నా నోరు తల్లీ.”

కిలకిల నవ్వింది. బెల్లు ముక్కలు పేర్చుతున్న తండ్రి కూడా తలెత్తాడు.

“అది బాగవడానికి ఎన్ని శనివారాలు పడుతుంది?” అంది పాప.

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. పేపరు పాప చేతికిచ్చి, దాని మొహంలోకి చూస్తూ, “చూద్దాం,” అన్నాను.