తెల్లగా వచ్చిన కాకి

ఉడికిన బంగాళదుంపలు మెదుపుతుండగా గుర్తొచ్చింది. ఈ రాత్రి బల్ల మీద పెట్టే రెండో కంచం నూలాది.

హాలోవీన్ రాత్రి మా ఇళ్ళల్లో పోయినవాళ్ళకు కంచం పెడతాం. వాళ్ళు ఇంటికొస్తారని తలుపు దగ్గరికి వేస్తాం కాని గడియ పెట్టం. పోయినేడు నేనొక్కణ్ణే కూర్చుని, ఎదురుగా నా భార్య నూలా కుర్చీ ముందు కంచం పెట్టి, వెన్న కూడా వేశాను. అంత తెలిసినవాణ్ణి, గురువారం గ్రంథాలయంలో కాగితాలు మడిచే తరగతి అయ్యాక, నాతోపాటు నేర్చుకునే బ్రైడీ గారిని సరిగ్గా ఈ రాత్రికే భోజనానికి పిలిచాను.

నిజానికి పిలిచింది కాకి కోసం. మా వీధిలో కిటికీకి కాగితపు కాకి వేలాడితేనే పిల్లలు ఆ తలుపు తడతారు. లేకపోతే ఇంట్లో ఎవరికో బాగోలేదని, పెద్దలు నేర్పినట్టు, చప్పుడు చేయకుండా దాటిపోతారు. కాకి పని ఎప్పుడూ నూలాదే. పోయినేడు కిటికీ బోసిగా ఉండిపోయింది. కొన్న మిఠాయిలన్నీ క్రిస్మస్ దాకా నేనే తిన్నాను.

ఈసారి మడుద్దామని కూర్చుంటే మెడ దగ్గర ఆగిపోయాను. బ్రైడీ గారు తరగతిలో నాకంటే ఒక్క పాఠం ముందున్నారు. "మెడా ముక్కూ నేనొచ్చి చేసిపెడతాలెండి మాస్టారూ" అన్నారు. "అయితే భోజనం ఇక్కడే" అంది నా నోరు.

వంటింట్లో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకటి నాది, ఒకటి నూలాది. పొయ్యి పక్కన బూట్లు వేసుకునేటప్పుడు కూర్చునే పీట ఒకటి. బ్రైడీ గారు వచ్చి నూలా కుర్చీలో కూర్చుంటే? వద్దంటే ఆవిడకు అవమానం. ఊరుకుంటే, ఏడాదికి ఒక్కసారి వచ్చే మనిషికి చోటు లేకుండా చేసినవాణ్ణవుతాను. జీవితమంతా పిల్లలకు భూగోళం చెప్పినవాడికి ఈ బెంగేమిటని నవ్వుకోబోయాను, నవ్వు రాలేదు. కంచం పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.

ఆవిడ వానలో తడుస్తూ వచ్చారు. కోటు విప్పలేదు, బొత్తాలు మాత్రం విప్పారు. కూర్చోమని నేననలేదు. ఆవిడా కూర్చోలేదు. అలమర పక్కన గట్టు మీద నల్లకాగితం పరిచి, ఇద్దరం నిలబడే మొదలుపెట్టాం.

"మూల మూలకు కలపండి. గోటితో నొక్కండి. అలా నిమిరితే ఎలా మాస్టారూ, అదేమైనా పిల్లిపిల్లా?"

"చిరుగుతుందేమోనని."

"చిరిగితే ఇంకోటి ఉంది."

అలా అంటూనే కిటికీ వైపు చూశారు. కాసేపాగి తలుపు వైపు. మెడ మడత విప్పి లోపలికి తోయాల్సిన చోట ఆవిడ వేళ్ళు తడబడ్డాయి, మళ్ళీ మొదటికొచ్చారు. మనసు ఇక్కడ లేదు. పిలవకుండా ఉండాల్సింది అనుకున్నాను. మొహమాటానికి వచ్చినట్టున్నారు, ఎప్పుడు బయటపడదామా అని చూస్తున్నారు.

రెక్కలు విప్పాక ఇద్దరం దాన్ని చూశాం. కాగితానికి రంగు ఒక వైపే, ఆ నల్ల వైపు పైకి పెట్టి మడిచాం. నలుపంతా లోపలికి పోయి, పిట్ట తెల్లగా బయటికొచ్చింది.

"తెల్లకాకి" అన్నాను.

"మీరే కదా పరిచింది."

"పరిచింది మీరు."

"అయితే ఇది కాకి కాదు. శ్మశానపు గూబ. అదీ తెల్లగానే ఉంటుంది. దారం ఇవ్వండి, పిల్లలు వీధి మలుపు దాకా వచ్చేశారు."

వీపు మధ్యలో సూది గుచ్చి దారం లాగి కిటికీకి కట్టాను. అది ఒక పక్కకు ఒరిగి, గాలికి అటూ ఇటూ తిరుగుతూ నిలవలేదు. పిల్లలు కిటికీ ముందు ఆగి గుసగుసలాడుకున్నారు. చివరికి తలుపు చప్పుడైంది. అస్థిపంజరం వేషంలో ఉన్న అమ్మాయి నన్ను కాదు, పిట్టను చూపించింది.

"తాతగారూ, అది కోడా?"

"గూబ" అన్నారు బ్రైడీ గారు నా వెనకనుంచి.

"గూబకి మెడ ఉండదు కదా."

"ఇది చచ్చిపోయిన గూబ. దానికి ఏదైనా ఉండొచ్చు. పాట పాడతావా, మిఠాయి వద్దా?"

పాడింది. వెనకున్న ఇద్దరు మంత్రగత్తెలు వంత పాడారు. మిఠాయిల గిన్నె సగం ఖాళీ అయింది. తలుపు దగ్గరికి వేసి వెనక్కి తిరిగేసరికి నా గుండె తేలికపడాల్సింది. కాని కుర్చీలు రెండూ అక్కడే ఉన్నాయి, నూలా కంచం అక్కడే ఉంది.

బ్రైడీ గారు కోటు బొత్తాలు పెట్టుకుంటున్నారు.

"భోజనం..." అన్నాను.

"వెళ్ళాలేమో మాస్టారూ. మా ఆయన మాటీకి కంచం పెట్టి వచ్చాను. గడియ తీసే ఉంది." ఆవిడ పైబొత్తం పట్టుకుని ఆగిపోయారు. "వచ్చేముందు ఆయన కుర్చీతో చెప్పాను కూడా. మాస్టారింటికి వెళ్తున్నా, కాకి చేయాలి, తొందరగా వచ్చేస్తా అని. అయినా మనసు నిలవట్లేదు. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి ఒక్కనాడూ వేళకి తిండికి రాలేదు. పోయిపోయి ఇవాళే వేళకి వచ్చేస్తాడేమోనని నా గోల."

సాయంత్రం నుంచి ఆవిడ తలుపు వైపు చూసిన చూపులన్నీ ఏమిటో తెలిసింది. నవ్వొచ్చింది నాకు. తర్వాత, చెప్పకూడదనుకున్నది బయటికొచ్చేసింది.

"మీరు చెప్పి వచ్చారు. నేను నూలాకి చెప్పలేదు."

ఆవిడ బల్ల వైపు చూశారు. కంచాలు, కుర్చీలు, మూలనున్న పీట. పొయ్యి పక్కనున్న బొగ్గు బకెట్టు చేతికి తీసుకున్నారు.

"బొగ్గు ఎక్కడుంటుంది?"

"పెరట్లో. కాని బకెట్టు నిండుగానే..."

"చాలదు" అని వెళ్ళిపోయారు, పెరటి తలుపు వేసి మరీ.

నేను నూలా కుర్చీ వెనక నిలబడ్డాను. పైకి అంటే పిచ్చివాడిలా ఉంటుందని ముందు మనసులో అనుకోబోయాను. అది మోసంలా తోచింది.

"నూలా, బ్రైడీ గారు వచ్చారు" అన్నాను. "భోజనానికి నేనే పిలిచాను. ఈ రాత్రే ఎందుకు పిలిచానో నాకు తెలియదు. ఒక్కణ్ణే తినడం బాగోలేదు, అంతే. నీ కుర్చీ నీదే."

పెరట్లో పార బొగ్గుల్ని గీరుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నిండిన బకెట్టును అంతసేపు నింపడానికి ఎంత ఓపిక కావాలి.

ఆవిడ లోపలికొచ్చేసరికి నా కుర్చీ ఆవిడకు జరిపి, పొయ్యి దగ్గరి పీట లాక్కుని నేను కూర్చున్నాను. బల్ల నా గడ్డానికి తగులుతోంది. ఆవిడ నా ఎత్తు చూసి నవ్వు రాకుండా పెదవి బిగించారు. కోటు విప్పి తలుపు కొక్కేనికి తగిలించారు. మూడు కంచాల్లో వడ్డించాను. దుంపలు చల్లారిపోయాయి, పైన వేసిన వెన్న కరగలేదు.

"మాటీ ఆగుతాడంటారా?" అన్నాను.

"ఆగడం నేర్చుకోనివ్వండి." ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "ఉప్పు తక్కువైంది మాస్టారూ."

"నూలా కూడా అదే అంటుంది" అని ఉప్పు గిన్నె బల్ల మధ్యకు జరిపాను.