శబరి మీద ఇర్మా మోటారు పడవ

ఇర్మా మోటారు పడవ కొన్నాడన్న కబురు కొంటా సంతలో అతనికంటే ముందే తిరిగింది. నిజానికి అప్పటికి అతను కొనలేదు. చూసి వద్దామని కూనవరం బస్సెక్కాడు, అంతే.

ఛత్తీస్‌గఢ్‌లోని కొంటాకు ఎగువన శబరి నది ఒడ్డున ఒక చిన్న రేవుంది. ఆవలి ఒడ్డు ఒడిశా. ఇవతలి దోర్ల తెగవాళ్లకు అవతల చుట్టాలున్నారు, అవతలివాళ్లకు ఇవతల సంత ఉంది. మధ్యలో ఇరవై ఏడేళ్లుగా ఇర్మా దోనె ఉంది. పొడవాటి వెదురు గెడతో అడుగును పొడుస్తూ ఆరుగురిని ఎక్కించుకుని దాటించేవాడు. కిందటి వానల్లో గెడ రెండు బండల మధ్య ఇరుక్కుని అతని కుడి భుజాన్ని మెలితిప్పింది. వాపు తగ్గింది కానీ చెయ్యి తలకంటే పైకి లేవడం మానేసింది. గెడ వేయాలంటే చెయ్యి పైకి లేవాలి. అందుకే మోటారు పడవ.

కూనవరంలో దాన్ని అమ్ముతున్నవాడు వెంకన్న అనే జాలరి. తెల్లటి ఫైబరు పడవ, వెనక తగిలించే పెట్రోలు ఇంజను. ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని వాళ్ల ఊరిని ఖాళీ చేయిస్తున్నారు. అతనికిచ్చిన కాలనీ ఇల్లు నదికి చాలా దూరం. వెంకన్న ఒక్క గుంజుకు ఇంజను రగిలించి, ఇర్మాను ఎక్కించుకుని గోదావరి కలిసే చోటిదాకా తిప్పి తెచ్చాడు. ఒడ్డుకొచ్చాక గబగబా చెప్పుకుపోయాడు.

"ఇది చోకు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే లాగాలి. ఇది గేరు, మధ్యలో పెట్టి తాడు గుంజు. ఈ ఎర్ర తాడు చేతికి తగిలించుకో, నువ్వు నీళ్లలో పడితే ఇంజను దానంతటదే ఆగిపోద్ది. ఇంక అక్కడొక మూత, ఇక్కడొక మూత. నీళ్ల మీదున్నంతసేపూ ఒకటి బిగించి ఉండాలి, ఒకటి వదులుగా ఉండాలి. మర్చిపోమాకు అన్నా."

ఒకటి పడవ అడుగున వెనకవైపు, ఇంకోటి పెట్రోలు డబ్బా మీద. ఏది బిగించాలి, ఏది వదలాలి అని అడగబోయాడు ఇర్మా. అప్పటికే వెంకన్న పడవ అంచు మీద చెయ్యి వేసి ఇసుకలో కూర్చున్నాడు. నది వంక చూడలేదు. అలాంటప్పుడు మూతల సంగతి ఎత్తడం ఇర్మాకు బాగా అనిపించలేదు. వెంకన్న అడిగిన ధరకు ఒప్పుకుని, పడవను వ్యాను మీదకెక్కించి చింతూరు మీదుగా ఇంటికి తెచ్చాడు.

మర్నాడు పొద్దున రేవు నిండా జనం. ఇర్మా భార్య లక్మే పడవ చుట్టూ ఒకసారి తిరిగి ఇంజను దగ్గర ఆగింది.

"ఏందయ్యా, దీనికి తోక నీళ్లలో ఉంటదా?"

"ఆ. అదే నెడతది."

"ఎనక నుంచి నెడితే ముందేమున్నదో ఎట్ట కనబడతది?"

ఇర్మా మూతల గురించే ఆలోచిస్తున్నాడు. పడవలో పడిన నీళ్లు బయటికి పోవాలి కాబట్టి అడుగు మూత వదులుగా ఉండాలి. పెట్రోలు గాలికి ఎగిరిపోతుంది కాబట్టి డబ్బా మూత బిగించాలి. అతనికి ఇది సబబుగానే తోచింది. అడుగు మూత తీసి పడవను నీళ్లలోకి తోశారు. గెడ దూరం పోకముందే లోపల చీలమండల దాకా నీళ్లొచ్చాయి. లక్మే నీళ్లలోకి దిగి, పడవలోకి వంగి చెయ్యి పెట్టి తడిమి, కన్నాన్ని బొటనవేలితో మూసింది.

"మూత! మూత తే! నవ్వుతరేందిరా, గిన్నెలు తెచ్చి తోడుండ్రి!"

అడుగు మూత బిగించాల్సిందని తేలింది. అయితే వదలాల్సింది డబ్బా మూత. ఇర్మా దాన్ని వదులు చేశాడు. ఇంజను రగిలింది, పడవ ఎగిరినట్టు ముందుకు దూకింది, డబ్బా పక్కకు ఒరిగి పెట్రోలు అతని కాళ్ల మీద కారింది. చుట్ట వెలిగించుకున్న ముసలాయన ఒకడు ఒడ్డు మీద ఉన్నాడు. లక్మే అరిచిన అరుపుకు ఆయన చుట్టను నదిలోకి విసిరేశాడు. ఇర్మా డబ్బా మూతను శక్తికొద్దీ బిగించేశాడు. ఇప్పుడు రెండూ బిగిసి ఉన్నాయి. వెంకన్న మాటల్లో సగమే మిగిలింది. అతనికి ఫోను చేస్తే స్విచాఫ్ అని వచ్చింది.

ఆ పైన ఇంకో చిక్కు. ఇంజను శుభ్రంగా రగిలేది, కాసేపు నడిచేది, నది నడుమకు రాగానే దగ్గి ఆగిపోయేది. పెట్రోలు అయిపోయిందేమోనని ఇర్మా మూత తీసి చూసేవాడు. సగానికి పైనే ఉండేది. మూత పెట్టి తాడు గుంజితే మళ్లీ నడిచేది. మళ్లీ ఆగేది. చూస్తే నడుస్తుంది, చూడకపోతే ఆగుతుంది. మూడు రోజులు ఇదే తంతు. పెట్రోలు వైపు ఊరికే చూస్తే చాలదు, మూత తీసే చూడాలని మాత్రం అతనికి అర్థమైంది. ఎందుకో అర్థం కాలేదు.

కొంటాలో బైకులు బాగుచేసే కళ్యాణ్‌ను తీసుకొచ్చాడు. కళ్యాణ్ రేవులోనే ఇంజను రగిలించి, చెవి ఒగ్గి విన్నాడు. ప్లగ్గు తీసి తుడిచి పెట్టాడు. నిమిషం పాటు నడిపి ఆపేశాడు.

"దీనికేం బీమారీ లేదు కాకా. ఏక్‌దం బరాబర్ ఉన్నది."

"నడుమకు పోతే ఆగుతన్నది."

"అయితే నడుమకు పోకు."

అతను నవ్వుతూ అన్నాడు కానీ ఇర్మాకు నవ్వు రాలేదు. ఊళ్లో మనిషికో మాట. నది నడుమ నుంచి ఒడిశా కాబట్టి అక్కడ ఛత్తీస్‌గఢ్ పెట్రోలు పని చేయడం లేదని కూడా ఒకడన్నాడు. ఆ మాటను ఇర్మా ఒక పూటంతా నిజంగానే ఆలోచించాడు.

నాలుగో రోజు లక్మే అతనితో పాటు పడవెక్కింది. ఇంజను ఆగగానే ఆమె డబ్బాను చూసి, "దీని పొట్ట లోపలికి పోయిందేంది?" అంది. నిజమే, డబ్బా పక్కలు సొట్టపోయి ఉన్నాయి. ఇర్మా మూత తిప్పగానే ఉస్సుమని గాలి లోపలికి పోయి, డబ్బా టప్పున పొంగింది.

లక్మే కాసేపు చూసింది. "నూనె డబ్బాకు ఒక్క బొక్క పెడితే నూనె కారతదా? రెండోది పెట్టాలె. గాలి పోతేనే నూనె వస్తది." ఆమె మూతను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పెద్ద మూత నడుమ వేలి గోరంత మర ఒకటి ఉంది. ఇన్ని రోజులూ అది మూతకు అలంకారమనుకున్నారు. ఆమె దాన్ని రెండు చుట్లు వదులు చేసి, పెద్ద మూతను బిగించింది. ఆ రోజు పడవ అవతలి ఒడ్డుకు పోయి వచ్చింది, ఎక్కడా ఆగలేదు.

మరుసటి సంతనాడు ఇర్మా తొమ్మిదిమందిని ఎక్కించుకున్నాడు. మిరప చేలకు కూలికెళ్లే సోమక్క కోళ్ల గంపతో నడుమన కూర్చుంది. లక్మే కూడా ఎక్కింది. ఇర్మా వెనక ఇంజను పిడి పట్టుకున్నాడు.

ఆ పిడితోనే అసలు తిప్పలు. ఎడమకు నెడితే పడవ కుడికి పోతుంది. ఖాళీ పడవతో నేర్చుకున్నది జనంతో నిండాక మతికి రాలేదు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఇన్నేళ్లూ అతను నదిని చూసి నడపలేదు. విని నడిపాడు. ఏ బండ దగ్గర నీళ్లు గుసగుసమంటాయో, ఎక్కడ మూలుగుతాయో, ఎక్కడ చప్పుడే చేయవో చెవికి తెలుసు. అడుగున ఇసుకో రాయో గెడ చేతికి చెప్పేది. ఇప్పుడు చెవిలో ఇంజను తప్ప ఇంకేమీ లేదు. చేతికి వణుకు తప్ప ఏమీ అందడం లేదు. ముందు కూర్చున్న మనుషుల తలలు అడ్డం. ఎండలో మెరిసే నీళ్లు అన్నివైపులా ఒక్కలాగే ఉన్నాయి. తాను పుట్టి పెరిగిన నదిలో ఎక్కడున్నాడో ఇర్మాకు తెలియలేదు.

సోమక్క వెనక్కి తిరిగి ఏదో అరిచింది. వినపడలేదు. "ఏంది?" అని అరిచాడు. ఆమె మళ్లీ అరిచింది. అంతలో అడుగున ఠప్పుమంది. పడవ ఒక్క కుదుపు కుదిపింది. ఇంజను మునుపటికన్నా గట్టిగా అరుస్తోంది, పడవ మాత్రం కదలడం లేదు. నీళ్లు దాన్ని మెల్లగా దిగువకు తీసుకుపోతున్నాయి. ఎవరో ఏడుపందుకున్నారు. కోళ్లు కొట్టుకుంటున్నాయి. ఇర్మా ఇంకా పెట్రోలు పెంచాడు. ఇంజను ఇంకా అరిచింది.

లక్మే జనం మీదుగా దాటుకుంటూ వచ్చి అతని చేతికున్న ఎర్ర తాడు పట్టి గుంజింది. ఇంజను ఆగింది.

ఒక్కసారిగా నది వినపడింది. కుడిపక్క, చాలా దగ్గరగా, రాతి పలకల మీద పలచగా పారే నీళ్ల చప్పుడు. ఇర్మా లేచి నిలబడ్డాడు. తానెక్కడున్నాడో తెలిసింది. "గెడ ఇటియ్యుండ్రి" అన్నాడు. లక్మే పొద్దున పడవలో వేసిన గెడ అందించారు. కుడిచెయ్యి పైకి లేవలేదు. ఎడమచేత్తో పట్టి, రొమ్ముకు ఆనించి నెట్టాడు. ఇద్దరు మగవాళ్లు వచ్చి కలిశారు. అతను చెప్పిన చోటల్లా పొడిచారు. అర ఫర్లాంగు దిగువన, ఒడిశా వైపు ఇసుకలో పడవ ఆగింది.

అందరూ దిగిపోయాక ఇర్మా ఒడ్డున కూర్చుని, "అమ్మేస్త" అన్నాడు.

"ఎవలికి?"

"ఎవలికైనా. నాకు దీనితోని నది వినబడతలేదు. గుడ్డోని లెక్క అయితన్న."

లక్మే పైట కొంగు పిండుకుంది. "ఇంజను నేను పట్టుకుంట," అంది. "నువ్వు ముందు కొసన నిలబడు. చెయ్యి చూపు. ఎడమంటే ఎడమ చెయ్యి, ఆపమంటే పిడికిలి. సప్పుడు వినాలంటే పిడికిలి పట్టు, నేను ఆపుత. నువ్వు వినుకో, మల్ల పోదాం."

"ఆడదానివి ఇంజను పట్టుకుంటే ఊరేమంటది?"

"నువ్వు పట్టుకుంటే ఏమన్నదో ఇప్పుడు విన్నవు కదా."

ఇర్మాకు కోప్పడాలో, తల ఊపాలో తెలియలేదు. రెండూ చేశాడు.

నీళ్లలో తిరిగే పంకాకు లోపల చిన్న పిన్ను ఉంటుందనీ, రాయి తగిలితే అది విరిగి మిగతా ఇంజనును కాపాడుతుందనీ కళ్యాణ్ చెప్పాడు. ఇత్తడి కడ్డీ కోసి నాలుగు పిన్నులు చేసిచ్చాడు. మొదటి నెలలో మూడు విరిగాయి. రెండో నెలలో ఒక్కటీ విరగలేదు. ఇర్మా ముందు నిలబడి ఎడమచెయ్యి ఎత్తుతాడు, పిడికిలి పడతాడు. లక్మే ఇంజను ఆపుతుంది. పడవలో అందరూ నోరు మూసుకుంటారు. అతను తల వంచి వింటాడు. తర్వాత చెయ్యి ముందుకు చాపుతాడు.

అయినా ఇర్మాకు ఒక సంగతి తేలలేదు. జనం ఇప్పుడు "లక్మే పడవొచ్చిందా?" అని అడుగుతున్నారు. ఇరవై ఏడేళ్లు "ఇర్మా దోనె" అన్న నోళ్లే అవి. అది విన్నప్పుడల్లా అతనికి ఏమనిపించాలో అర్థమయ్యేది కాదు. బాధ అనుకుంటే బాధ కాదు. భుజం నొప్పి మాత్రం తగ్గింది.

మాఘమాసంలో సుక్మా జిల్లా ఆఫీసు నుంచి ఒకాయన రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. పడవలు నడిపేవాళ్లకు నీళ్లలో పడ్డా తేల్చే లైఫ్ జాకెట్లు ఇస్తారట, పేర్లు రాసుకుంటున్నాడు.

"నావ్ కౌన్ చలాతా హై?" అంటూ పడవ నడిపేదెవరని అడిగాడు.

లక్మే ఇర్మాను చూపించింది. అదే క్షణంలో ఇర్మా లక్మేను చూపించాడు. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఒక్క పేరే రాయాలని హిందీలో చెప్పాడు.

"సాబ్, ఒక్కసారి మాతోని అవతలికి రాండ్రి," అన్నాడు ఇర్మా. "ఎక్కుండ్రి. దిగినాక మీకేది బరాబరనిపిస్తే అది రాయుండ్రి."

ఆయన ఎక్కాడు. రెండుచోట్ల ఇంజను ఆగింది. రెండుసార్లూ ఆయన భయపడి పడవ అంచు పట్టుకున్నాడు, రెండుసార్లూ ఇర్మా వింటున్న వైపు తానూ చెవి పెట్టాడు. ఒడ్డున దిగి, రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని, ఆ ఒక్క గడిలోనే చిన్న అక్షరాలతో రెండు పేర్లూ ఇరికించాడు. రెండోది గీత దాటి పక్క ఊరి గడిలోకి పోయింది.

ముందు ఎవరి పేరు రాశాడో చదవడం వాళ్లిద్దరికీ రాదు. ఇర్మా అడుగుదామనుకుని, లక్మే మొహం చూసి ఊరుకున్నాడు. ఆమె కూడా అడగలేదు. ఒడ్డున ఇవతలికి రావాల్సినవాళ్లు ఏడుగురు, ఒక మేక కాచుకుని ఉన్నారు.