నరసింహన్ ఓటు

మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుస్సు తరుగుతుందని మా రాజపాళయం ఆడవాళ్ల భయం. ఆ భయం పుణ్యమా అని నలభై ఆరో సంవత్సరం ఎలక్షన్‌లో నాకొక ఉద్యోగం దొరికింది. ఓటు చావడిలో ఆఫీసరు మొగుడి పేరు అడుగుతాడు. ఈవిడ నేల చూస్తుంది. వెనకున్నావిడ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతుంది. వరస కదలదు. అందుకని మా పార్టీవాళ్లు నన్ను తీసుకెళ్లి, చావడి పెట్టిన బళ్లో ఆడవాళ్ల గుమ్మం దగ్గర నిలబెట్టారు. ఎవరి మొగుడెవరో నాకు కంఠతా వచ్చు. పైగా నేను మొగుడు పోయినదాన్ని, తరిగిపోతుందని బెంగపడటానికి నాకేమీ మిగల్లేదు.

పేర్లు చెప్పడం కాక, ఎవరెవరు వచ్చారో చూసి వీధిలో ఉన్న మా తమ్ముడు పాండురంగన్‌కు కబురు చెప్పడం కూడా నా పనే. యుద్ధం అయిపోయింది, జనం విరగబడి వస్తారని మగవాళ్లు లెక్కలు వేసుకున్నారు. ఆడవాళ్లు పెళ్లికి వచ్చినట్టు పట్టుచీరలు కట్టి వచ్చారు గానీ, మగవాళ్ల వైపు వీధి బోసిగా ఉంది. మిల్లు కూత కూడా ఆ రోజు ఎక్కడో దూరాన వినిపించినట్టుంది. పాండురంగన్ మాటిమాటికీ గుమ్మం దగ్గరికి వచ్చి "ఎంతమంది అయినారు బొమ్మక్కా" అని అడిగి, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లేవాడు. మధ్యాహ్నం నుంచి అడగడం మానేశాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

ఎండ దిగే వేళకు అంబుజం వదిన వచ్చింది. ఆవిణ్ణి చూడగానే వరసలో మాటలు ఆగిపోయాయి.

మా అన్న రంగూన్‌లో వ్యాపారం చేసేవాడు. బాంబులు పడ్డప్పుడు మనవాళ్లతో కలిసి కాలినడకన బయలుదేరాడు. అడవిలో జ్వరం తగిలి ఒక చెట్టు కింద కూర్చుని, "మీరు పోతా ఉండండి, వెనకే వస్తాను" అన్నాడట. వాళ్లు ఇల్లు చేరారు. ఆయన రాలేదు. చచ్చింది చూసినవాళ్లు ఎవురని అడిగి వదిన బొట్టు తీయకుండా ఉంది. ఇక చాలని మా పెద్దనాయన బాలుసామి పట్టుబట్టాడు. ఎలక్షన్ సందడి తీరగానే, వచ్చే శుక్రవారం, దర్భలతో అన్న బొమ్మ కట్టి, పాండురంగన్ చేత కొరివి పెట్టించి, కర్మ చేయించాలని నిశ్చయమైంది. బొట్టు తుడిచే చేతులు ఎంత మొరటుగా ఉంటాయో నాకు తెలుసు. వదిన తప్పించుకుంటే బాగుండునని రోజూ దేవుడికి మొక్కేదాన్ని. ఆ మాట పైకి అనే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఆఫీసరు తిరునెల్వేలి వైపు మనిషి. అతని అరవాన్ని మన మాటల్లోనే చెబుతున్నాను. "అంబుజం. మొగుడి పేరు?" అన్నాడు.

"నరసింహన్," అన్నాను. పొద్దుటినుంచి ఊరి మొగుళ్లందరి పేర్లూ గడగడా చెప్పిన నోరు అక్కడ తడబడింది.

అతను కాగితం మీద వేలు పెట్టి, "ఆమా, అవును. ఆయన మధ్యానమే వచ్చి ఓటు వేసి పోయినారే" అన్నాడు.

పరాయి మగవాడితో ఒక్క మాట ఆడని వదిన, నన్ను పక్కకు జరిపి బల్ల దగ్గరికి వెళ్లింది. "ఎట్ల ఉండారు? బాగా మెలిసినారా, సన్నమైనారా?"

"అప్పుడు మగవాళ్ల బల్ల దగ్గర ఉంటిని తల్లీ. మొహం గుర్తు లేదు. పేరు అడిగితే గొంతు రాలే ఆయనకు. ఇంకోసారి అడిగినాను. అది దా, అదే గుర్తు."

వదిన చీటీ పెట్టెలో వేసి బయటికి వచ్చింది. పార్టీ బండి ఎక్కమంటే ఎక్కలేదు. బజారులో ఎదురైన ప్రతి మగవాడి మొహంలోకీ చూసుకుంటూ ఇంటివైపు నడిచింది. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, నేనూ వీధి చివరికి చూశాను.

పాండురంగన్ పత్తి గోదాము నీడలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"అన్న ఓటు ఎవురు వేసినారురా?"

"రానివాళ్ల ఓట్లు అందురివీ వేసినారు. అవతలి పార్టీవాళ్లూ వేసినారు."

"ఎవురని అడిగినాను."

వాడు తల ఎత్తలేదు. "నేనే అక్కా. ఆయన ఉంటే మన పార్టీ పెట్టెలోనే దా వేసి ఉంటాడని పోయినాను. నరసింహన్ అని చెప్పితిని. వెనక ఎవురో 'ఊఁ' అన్నట్టు వినపడె. తిరిగి చూస్తే ఎవురూ లేరు. మళ్లీ పేరు అడిగినారు. నోరు రాలే. ఎట్లనో చెప్పినాను."

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. వాడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, అంత ఉక్కలో. చెయ్యి పట్టి లేవదీసి, "పద, వదినతో చెప్పు" అన్నాను.

మేము వెళ్లేసరికి దీపం పెట్టే వేళయింది. వాకిలి కడిగి ముగ్గు వేసి ఉంది. పెరట్లో నీళ్లు కాగుతున్నాయి. పెట్టెలోంచి తీసిన అన్న పంచె తాడు మీద ఆరేసి ఉంది. పాండురంగన్ గడపలో నిలబడ్డాడు, వెలుగు వాడి వెనక ఉంది. లోపలినుంచి వదిన పరుగున వచ్చి ఆగింది. ఆ మొహంలో వెలిగిన సంతోషం నేను చూశాను. అది ఆరిపోవడమూ చూశాను. నా మొగుడు పోయిన రోజు కూడా నాకంత భయం వేయలేదు.

"వదినా, అది నేను," అన్నాడు వాడు.

వదిన కూర్చోలేదు, ఏడవలేదు. ఇంతలో బాలుసామి పెద్దనాయన వచ్చాడు. పార్టీ పెద్ద, ఆ రోజంతా ఓట్ల వెంట తిరిగి అలిసిపోయి ఉన్నాడు. తిన్నె మీద చతికిలబడి, "శుక్రవారానికి అయ్యరుకు చెప్పినాను పాండురంగా. పొద్దు ఎక్కకముందే ముగించల్ల" అన్నాడు.

తలుపు పక్కనుంచి వదిన జవాబిచ్చింది. "ఇయ్యాల ఓటు వేసిన మనిషికి శుక్రవారం కొరివి పెట్టేది ఎట్ల మామా?"

"ఏమమ్మా?"

"మీ తమ్ముడికొడుకు వచ్చి ఓటు వేసి పోయినారని ఆఫీసరు చెప్పె. వరసలో ఉన్న ఆడోళ్లందురూ వినిరి. సచ్చిపోయినారని మీరు కర్మ చేస్తే, ఆ ఓటు వేసింది ఎవురని సర్కారు వచ్చి అడగదా? పట్టి పిడించుకొని పోతే ఎవురిని పిడించుకొని పోతారు?"

పెద్దనాయన పాండురంగన్ మొహం చూశాడు. వాడు తల దించుకున్నాడు. ఆయనకు విషయం తెలిసిపోయింది. పైపంచె తీసి భుజాన వేసుకుని, లేచి వెళ్లిపోయాడు.

"వదినా, నన్ను మన్నించు," అన్నాడు పాండురంగన్.

"మన్నించేది ఏముంది. మళ్లీ ఎలక్షన్ వస్తే ఆయన పేరు నువ్వే చెప్పల్ల. ఆ మళ్లీ వస్తే అప్పుడూ నువ్వే దా. నేను ఉండేదాకా."

వాడు సరేనన్నాడు. ఆ గొంతు విని నాకు అర్థమైంది. ఇక వాడు బతికినంతకాలం మా అన్న వాణ్ణి వదలడు.

వాడు వెళ్లాక వదిన పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎంత తెలివిగా తప్పించుకుంది, ముందే అంతా పసిగట్టి ఉంటుందని నాకనిపించింది. ఉండబట్టలేక అడిగాను.

"చావడిలో ఆఫీసరు చెప్పినప్పుడు నువ్వు నమ్మలేదు కదా వదినా?"

కట్టె వెనక్కి లాగి, మంట తగ్గించింది.

"వీడు వచ్చి గడపలో నిలిచేదాకా నమ్మినాను బొమ్మక్కా," అంది. "అంతసేపు ఆయన ఊళ్లోనే ఉండె."