కడిగి ఇచ్చిన చేప

2006 వేసవిలో కొల్లాపూర్ దగ్గరి వాగులో చేపలు చచ్చి తేలాయి. చేపలు పట్టి అమ్ముకునే జమ్ములమ్మ, ఎగువనున్న మందుల ఫ్యాక్టరీ మీద ఫిర్యాదు చేసింది. పరీక్ష తేలేదాకా ఫ్యాక్టరీ ఆపారు. కాలుష్య విభాగం నుంచి మహిపాల్ వచ్చి ఒక చేప ఇమ్మన్నాడు. సారుకు అట్లాగే ఇస్తే మర్యాద కాదని ఆమె ఒక బొచ్చె చేప పొలుసు గీకి, కడుపు చీల్చి లోపలివన్నీ తీసేసి, ఉప్పు రాసి కడిగి ఇచ్చింది. అతను తీసుకుని వెళ్లాడు.

చేపలో విషం లేదని రిపోర్టు వచ్చింది. ఫ్యాక్టరీ మళ్లీ నడిచింది. అంగట్లో జమ్ములమ్మ చేపలు మాత్రం ఎవరూ కొనలేదు. ఆమె గంపతోనే మహిపాల్ ఆఫీసుకు వెళ్లి, విషం ఎందుకు తేలలేదని అడిగింది.

“విషం కార్జంలో, కొవ్వులో చేరుతుందమ్మా. అవి నువ్వే తీసి పారేశావు,” అన్నాడతను.

“గది నీకు గప్పుడే తెల్సా సారూ?”

“తెలుసు.”

“మరి నోట్లె ఏం బెట్టుకున్నవ్?”

“చేప తెమ్మన్నారు. తెచ్చాను.”

జమ్ములమ్మ గంపలోంచి కోయని చేపను తీసి అతని బల్ల మీద పడేసింది.

“అయితే దీన్ని పంపు. లేకుంటే గీడనే కోస్త, కార్జం నా ముందల్నే తిను.”

మహిపాల్ లేచాడు. ఆమె వెళ్లి తలుపుకు అడ్డంగా కూర్చుంది.