తీగ లేని చిహ్నం

ఎర్ర వృత్తాన్ని నీలం చతురస్రం మీద పెట్టి, వెంట్రుకవాసి పక్కకు జరిపి, మళ్ళీ వెనక్కి లాగాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో బల్లంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. కత్తిరించిన రంగుకాగితాల ముక్కలు ఫ్యాన్ గాలికి చేపపిల్లల్లా కదులుతున్నాయి.

ఆఫీసులో అందరూ అతన్ని తీగలాయన అంటారు. సబ్బు చుట్టే కాగితమైనా, మందు డబ్బా అయినా, అతని చేతిలో పడితే మూలన ఒక తీగ మొలవాల్సిందే. జనం ఇన్నేళ్ళుగా ఆ తీగల్ని చింపి పారేస్తూనే ఉన్నారు. అతనికేం బాధ లేదు. మర్నాటికి మరో తీగ.

ఈ పని వేరు. పాత డిజైన్ పాఠశాలకు నూరేళ్ళు నిండుతున్నాయి. పోస్టర్ల మీద, జెండాల మీద, బ్యాడ్జీల మీద వేసే ఉత్సవ చిహ్నం గీయాలి. అక్కర్లేనిదాన్ని తీసెయ్యడమే ఆ పాఠశాల మూలమంత్రం. అక్కడ పాఠాలు చెప్పి రిటైరైన మామగారు, పెళ్ళయిన కొత్తలో అతని బొమ్మలు చూసి, "ఏమిటయ్యా ఈ కలుపు?" అన్నారు. ఆ మాట అతనిలో ముల్లులా దిగి అలాగే ఉండిపోయింది. అందుకే ఈసారి అన్నీ తీసేశాడు. వృత్తం, చతురస్రం, త్రిభుజం. అంతే.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తూ ఆ కాగితం వెంట తీసుకెళ్ళాడు. మామగారు వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. ఈమధ్య ఆయన నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో తేలుతుంటారు.

"మామయ్యా, మీ స్కూలుది. సాయంత్రానికి పంపాలి."

ఆయన కాగితాన్ని వెలుగుకెత్తి పట్టుకున్నారు. అందులోంచి దిగిన ఎరుపు ఆయన చెంప మీద వాలింది.

"శుభ్రంగా ఉంది," అన్నారు. "మరి నీ తీగేదయ్యా?"

"కలుపన్నారుగా మీరు!"

"అన్నాను. అప్పట్లో నా నోటికి బ్రేకులు లేవు. అక్కర్లేనిది తీసెయ్యమంటే, నిన్ను నువ్వే తీసేసుకుంటావా?"

వంటింట్లోంచి అతని భార్య నవ్వింది. "ఏంటి నాన్నా, అల్లుడి పార్టీలోకి దూకేశావు?"

"దూకే ఓపికెక్కడిదమ్మా, జారాను."

తిరిగి వెళ్తుంటే వీధి కొత్తగా కనిపించింది. ఆరేసిన దుప్పట్లు చతురస్రాలు, సైకిలు చక్రాలు వృత్తాలు. వాటి మధ్య నుంచి తను కాళ్ళు నేలకానకుండా వెళ్తున్నట్టుంది. బల్ల దగ్గర కూర్చుని, త్రిభుజం కొస నుంచి సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి వదిలాడు. అది వృత్తాన్ని ఒకసారి చుట్టి, పైన ఆగింది.

"స్కూలువాళ్ళు ఒప్పుకుంటారంటావా?" అని ఆఫీసు ఓనరు నసిగాడు.

"ఒప్పుకోకపోతే చెప్తారు. పంపేయండి." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పొద్దు వాలేలోగా జవాబు వచ్చింది. నచ్చిందట. ఆ ఆకుపచ్చ గీతను జెండాల మీద ఇంకాస్త పొడిగించగలరా అని అడిగారట. ఇంటికి చెబుదామని ఫోను తీసేలోగా అదే మోగింది.

"నాన్న లేవట్లేదండీ," అంది భార్య, ఆయన నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా.

అతను వచ్చేసరికి పక్కింటివాళ్ళు ఆయన్ని లోపల పడుకోబెట్టారు. భార్య అతని భుజానికి తల ఆనించి, "చివరిదాకా మాట్లాడుతూనే ఉన్నారండీ," అంది. అతను ఆమెను కూర్చోబెట్టి, వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

ఖాళీ కుర్చీ చేతి మీద, సగం తిన్న నారింజ ఉన్న పళ్ళెంలోంచి, ఎక్కడా తెగకుండా ఒలిచిన తొక్క చుట్టలు చుట్టలుగా కిందికి వేలాడుతూ, ఇంకా తడిగా, గాలికి మెల్లగా ఊగుతోంది.